వేసవి సెలవుల్లో ఉబ్బిన లిపోలు: పన్నెండు ప్యాక్‌ల కేస్ స్టడీ

"సెలవుల్లో ఒక్క బ్యాటరీ కూడా ముట్టుకోలేదు సార్. అన్నీ ఫుల్ చార్జ్ చేసి, జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం వేశాం. వాడకుండానే ఎలా పాడయ్యాయి?"

విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఏరోమోడలింగ్ క్లబ్ చూసుకునే కుర్రాడు జూన్ మూడో వారంలో నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఆ క్లబ్‌కి నేను కొన్నేళ్లుగా ఆదివారాలు వెళ్తుంటాను. రిమోట్ విమానాలు ఎగరేయడం, మోటారు, ఈఎస్‌సీ (మోటారుకి వెళ్లే కరెంటుని అదుపు చేసే పరికరం), లిపో అనే లిథియం పాలిమర్ బ్యాటరీ సరిపోల్చుకోవడం పిల్లలకు నేర్పిస్తుంటాను. చార్జింగ్ ఎలా చెయ్యాలో చాలా వివరంగా చెప్పాను. ఎగరేయని రోజుల్లో బ్యాటరీని ఎలా ఉంచాలో మాత్రం పైపైన చెప్పి వదిలేశాను. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

ఆ కుర్రాడు తప్పేమీ చేయలేదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీని, కారు బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచాలనే చెబుతారు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి అది నిజం, ఖాళీగా వదిలేస్తే ప్లేట్లు సల్ఫేట్ పట్టి చచ్చిపోతాయి. లిథియంకి ఆ అలవాటు సరిగ్గా వ్యతిరేకంగా పని చేస్తుంది.

జరిగింది ఇది

మొత్తం పన్నెండు ప్యాక్‌లు. అన్నీ 3ఎస్ (మూడు సెల్స్ వరుసగా కట్టినవి), 2200 ఎంఏహెచ్, 30సీ (కెపాసిటీకి ముప్పై రెట్ల కరెంటు దాకా ఇవ్వగలవని రేటింగ్). డిసెంబరులో ఒకేసారి, ఒకే లాటులో కొన్నవి. జనవరిలో ఒక్కోదానికి మార్కర్‌తో నంబరు వేసి, కెపాసిటీ, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (కరెంటుకి ప్యాక్ లోపలే ఉండే అడ్డు) కొలిచి నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అప్పుడు కెపాసిటీ 2120 నుంచి 2180 ఎంఏహెచ్ మధ్యలో, రెసిస్టెన్స్ సెల్‌కి 5 నుంచి 7 మిల్లీఓమ్‌ల మధ్యలో ఉన్నాయి. ఆ పేజీ లేకపోతే ఈ కేసులో నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

ఏప్రిల్ చివర్లో కాలేజీ ఉత్సవానికి పొద్దున్నే ఎగరేసి చూపించాలని అనుకున్నారు. క్లబ్ దగ్గర ఒక్క పోర్టు ఉన్న చార్జర్ ఒక్కటే ఉంది. 1సీ లెక్కన, అంటే 2.2 ఆంపియర్లతో, ఒక్కో ప్యాక్‌కి గంట పడుతుంది. పన్నెండింటికి పన్నెండు గంటలు. కాబట్టి ముందురోజు పొద్దున కూర్చుని రాత్రి దాకా చార్జ్ చేస్తూ పోయారు. సాయంత్రం మూడు ప్యాక్‌లతో నాలుగేసి నిమిషాలు ట్రయల్ ఎగరేశారు. ఆ రాత్రి గాలివాన వచ్చింది, గ్రౌండ్ బురదైంది, కార్యక్రమం రద్దయింది. తర్వాత పరీక్షలు, ఆపైన సెలవులు. ప్యాక్‌లన్నీ ఎలా ఉన్నవి అలాగే లాబ్‌లోని చెక్క బీరువాలోకి వెళ్లాయి. ఆ లాబ్ పై అంతస్తులో, నేరుగా శ్లాబు కింద ఉంది. ఏడున్నర వారాలు తలుపు తెరవలేదు.

విజయవాడ మే నెల సంగతి ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. బయట నలభై దాటితే, రోజంతా కాలిన శ్లాబు కింద మూసిన గదిలో రాత్రి కూడా వేడి దిగదు.

బీరువా తెరిచినప్పుడు

నేను వెళ్లి చూసేసరికి ప్యాక్‌లు మూడు రకాలుగా విడిపోయి ఉన్నాయి. ఎవరూ అనుకుని చేసింది కాదు కానీ ఇంతకన్నా మంచి ప్రయోగం నేను కావాలని కూడా చేయలేను. ఒకే లాటు, ఒకే బీరువా, ఒకే వేసవి. ఎనిమిది ఫుల్ చార్జ్‌లో ఉండిపోయినవి. మూడు ట్రయల్‌కి వాడి సగంలో ఉండిపోయినవి. మిగిలిన ఒకటి, తొమ్మిదో నంబరు, బ్యాలెన్స్ లీడ్‌కి, అంటే ఒక్కో సెల్‌నీ విడిగా చూడటానికి ఉండే సన్న తీగల కనెక్టర్‌కి, వోల్టేజీ తగ్గితే అరిచే లో వోల్టేజ్ బజర్ పెట్టి తీయకుండా వదిలేసింది.

ఫుల్‌గా ఉన్న ఎనిమిదిలో రెండు బాగా ఉబ్బాయి. 4, 11 నంబర్లు. పైనున్న ప్లాస్టిక్ తొడుగు బిగిసిపోయి పూరీలా పొంగాయి. మూడు కొద్దిగా ఉబ్బాయి, వేలితో నొక్కితే మెత్తగా తెలుస్తోంది. మూడు చదునుగానే ఉన్నాయి. సగం చార్జ్‌లో ఉన్న మూడూ చదునుగా, గట్టిగా, పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఇంకో సంగతి గమనించాను. 4, 11 పై అరలో ఉన్నాయి. చదునుగా మిగిలిన మూడు ఫుల్ ప్యాక్‌లు కింది అరలో ఉన్నాయి. అరల మధ్య తేడా ఎంతో అప్పుడు నా దగ్గర కొలత లేదు. తర్వాతి మే నెలలో అదే బీరువాలో థర్మామీటర్లు పెట్టి చూశాను. మధ్యాహ్నం మూడింటికి పై అర 46 డిగ్రీలు, కింది అర 41. అదే సమయంలో గ్రౌండ్ ఫ్లోర్ స్టోర్ రూమ్ 34.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే. ఆ బీరువాలోనే, ప్యాక్‌ల పక్క అరలో, బాల్సా చెక్క షీట్ల కట్టలు, జిగురు, ఒక థిన్నర్ డబ్బా ఉన్నాయి. ఉబ్బిన ప్యాక్ ఒక్కటి లోపల షార్ట్ అయి అంటుకుని ఉంటే, సెలవుల్లో ఆ బిల్డింగ్‌లో చూసే మనిషి కూడా లేడు. పిల్లల్ని బయటికి పంపి, ఉబ్బిన ఐదింటినీ, తొమ్మిదో దాన్నీ ఇసుక పోసిన ఇనప తట్టలో పెట్టి, బిల్డింగ్‌కి దూరంగా సిమెంటు గచ్చు మీదికి మార్చాకే మిగతా పని మొదలుపెట్టాను.

కొలతలు

మిగిలిన ఆరింటిని ఒకరోజంతా 27 డిగ్రీల ఏసీ గదిలో ఉంచి తర్వాత కొలిచాను. వేడిగా ఉన్న ప్యాక్ రెసిస్టెన్స్ తక్కువ చూపిస్తుంది. ఎండలోంచి తెచ్చి వెంటనే కొలిస్తే పాడైన ప్యాక్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. జనవరిలో వాడిన చార్జర్‌తోనే ఇప్పుడూ కొలిచాను. చార్జర్ మారితే అంకె మారుతుంది కాబట్టి పోల్చడానికి పనికిరాదు. ఉబ్బినవాటికి బయటే, చార్జ్ ఎక్కించకుండా, రెసిస్టెన్స్ మాత్రం చూశాను. బయటి వేడికి అవి నిజంగా ఉన్నదానికన్నా కాస్త తక్కువే చూపించి ఉంటాయి.

సగం చార్జ్‌లో ఉన్నవి సెల్‌కి 6 నుంచి 8 మిల్లీఓమ్‌లు. అంటే దాదాపు మార్పు లేదు. కింది అరలోని ఫుల్ ప్యాక్‌లు 10 నుంచి 12. కొద్దిగా ఉబ్బినవి 13 నుంచి 17. నాలుగో నంబరు 21. పదకొండో నంబరులో రెండు సెల్స్ 22 దగ్గర, ఒకటి 34. ఆ సెల్ వోల్టేజీ కూడా 4.02కి పడిపోయింది, మిగతా ఫుల్ ప్యాక్‌ల సెల్స్ 4.13, 4.15 దగ్గర ఉన్నాయి.

కెపాసిటీ పరీక్ష చదునుగా ఉన్న ఆరింటికే చేశాను. సగం చార్జ్‌వి 2090 నుంచి 2130 ఇచ్చాయి. ఫుల్‌గా ఉండిపోయినవి 1880 నుంచి 1960.

"సార్, పది శాతమే కదా తగ్గింది?" అని ఒక అమ్మాయి అడిగింది. కెపాసిటీ ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. విమానానికి దెబ్బ కొట్టేది రెసిస్టెన్స్. వాళ్ల ట్రైనర్ విమానం టేకాఫ్‌లో 25 ఆంపియర్లు లాగుతుంది. సెల్‌కి 6 మిల్లీఓమ్‌లుంటే మూడు సెల్స్‌కి 18. ప్యాక్ లోపలే 0.45 వోల్టులు పడిపోతాయి, 11 వాట్లు వేడిగా పోతాయి. సెల్‌కి 15 అయితే వోల్టుకి పైగా పడిపోతుంది, 28 వాట్ల వేడి ప్యాక్ పొట్టలోనే పుడుతుంది. విమానం బద్ధకంగా లేస్తుంది, ఈఎస్‌సీ ముందే కటాఫ్ అవుతుంది, కిందికి దిగాక ప్యాక్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఆ వేడి మళ్లీ ప్యాక్‌ని ఇంకాస్త ముసలిది చేస్తుంది.

ఎందుకు ఇలా అవుతుంది

లిపో అన్న పేరులో పాలిమర్ ఉంది గానీ, మనం హాబీకి వాడే ప్యాక్‌ల లోపల లిథియం ఉప్పు కలిపిన ద్రావకమే ఎక్కువగా ఉంటుంది. ఫుల్ చార్జ్ అంటే సెల్‌కి 4.20 వోల్టులు. అక్కడ పాజిటివ్ వైపు చాలా చురుగ్గా ఉండి ఆ ద్రావకాన్ని కొంచెం కొంచెంగా విరగ్గొడుతూ ఉంటుంది. నెగెటివ్ వైపు గ్రాఫైట్ నిండా లిథియం ఉంటుంది, అది కూడా ద్రావకంతో చర్య జరుపుతూ తన మీది సన్నని పొరను మందం చేసుకుంటుంది. పొర మందమైనకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ పొరలో చిక్కుకున్న లిథియం మళ్లీ తిరిగి రాదు, అంతమేరకు కెపాసిటీ తగ్గుతుంది. విరిగిన ద్రావకంలోంచి గ్యాస్ పుడుతుంది. రేకు డబ్బాలో ఉండే సెల్‌కైతే ఆ ఒత్తిడి బయటికి కనిపించదు. లిపోది మెత్తటి అల్యూమినియం సంచి కాబట్టి ఉబ్బుతుంది.

ఈ చర్యలన్నీ వేడికి పెరుగుతాయి. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని పని లెక్కగా పెట్టుకోవచ్చు. 34 డిగ్రీల స్టోర్ రూమ్‌కీ 46 డిగ్రీల పై అరకీ తేడా ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎక్కుపెట్టిన వింటిని అలాగే గోడకి తగిలించి వదిలేస్తే బాణం వేయకపోయినా బద్ద పట్టు పోతుంది. ఫుల్ చార్జ్‌లో ఉన్న సెల్ పరిస్థితి అదే.

అలాగని ఖాళీ చేసి పెట్టడం ఇంకా ప్రమాదం. తొమ్మిదో నంబరు దీనికి సాక్ష్యం. బజర్ చిన్నదే, దాని దీపాలకీ అంకెలకీ కొన్ని మిల్లీఆంపియర్లే పడతాయి. కానీ అది రాత్రీ పగలూ తాగుతూనే ఉంటుంది. ఏదో ఒక రోజు గట్టిగా అరిచి ఉంటుంది కూడా, తాళం వేసిన లాబ్‌లో వినేవాళ్లు లేరు. నేను చూసేసరికి మొదటి రెండు సెల్స్ దాదాపు సున్నా, మూడోది 3.1.

"చార్జర్‌ని వేరే రకం బ్యాటరీలకి వాడే నైమెచ్ మోడ్‌లో పెట్టి మెల్లగా ఎక్కిస్తే లేస్తుందట కదా సార్?" అని అడిగారు. లేస్తుంది. అందుకే వద్దన్నాను. సెల్ వోల్టేజీ మరీ కిందికి పడిపోతే నెగెటివ్ వైపు ఉండే రాగి రేకు ద్రావకంలో కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేస్తే ఆ కరిగిన రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని, రెండు వైపులనీ వేరు చేసే సన్నటి పొరకి అడ్డంగా వంతెన కట్టగలదు. ఆ ప్యాక్ చార్జర్ మీద బాగానే కనిపించి, మూడో ఫ్లైట్‌కో, నడిరాత్రి అల్మరాలోనో లోపల షార్ట్ కావచ్చు. వెయ్యి, రెండు వేల రూపాయల ప్యాక్ కోసం ఒక ఇంటిని పందెం పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

పాడైనవాటిని ఏం చేశాం

ఉబ్బిన ఐదూ, తొమ్మిదోదీ, మొత్తం ఆరు తీసేశాం. కొద్దిగా ఉబ్బినవాటిని ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చని చాలామంది అంటారు. ఎగరేసి దించేటప్పుడు వేడికి కాస్త ఉబ్బి, చల్లారాక మామూలైపోయే ప్యాక్‌లు నా దగ్గరా ఉన్నాయి. ఇవి అలాంటివి కావు. కదలకుండా కూర్చుని ఉబ్బినవి, చల్లారినా తగ్గనివి. పైగా వాడేది నేర్చుకుంటున్న పిల్లలు.

కారు బ్రేక్ లైటు బల్బు 12 వోల్టులు, 21 వాట్లు. దానికి ప్యాక్‌కి సరిపోయే ఎక్స్‌టీ60 కనెక్టర్ అతికించి, ఒక్కో ప్యాక్‌ని ఆరుబయట ఇసుకలో పెట్టి, కూర్చుని చూస్తూ ఖాళీ చేశాను. గంట, గంటంపావులో కాంతి తగ్గిపోతుంది. ఆరిపోయాక కూడా మర్నాటిదాకా బల్బు తీయలేదు, ఎందుకంటే తీసేస్తే వోల్టేజీ మళ్లీ కొంత పైకి లేస్తుంది. ఉప్పునీళ్లలో వేస్తే చాలని చెప్పేవాళ్లున్నారు. ఉప్పునీళ్లు ముందు బయటి ట్యాబ్‌లని తినేస్తాయి. ట్యాబ్ తెగిపోతే లోపలి చార్జ్ అలాగే మిగిలిపోతుంది, మనం మాత్రం ఖాళీ అయిందనుకుంటాం. నేను ఆ పద్ధతి వాడను.

ఖాళీ అయినవాటి కొనలకి టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చాం. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు. చెత్త లారీలో నలిగిన లిపో ఆ లారీలో పని చేసే మనిషి చేతుల్లో అంటుకుంటుంది.

కింది అరలో బతికిన మూడు ఫుల్ ప్యాక్‌లకి ఎర్ర టేపు వేసి, సర్వోల (విమానం పలకల్ని కదిపే చిన్న మోటార్ల) పరీక్షకీ బెంచి మీద చిన్న కరెంటు పనులకీ కేటాయించాం. సగం చార్జ్‌వి మూడూ మళ్లీ ఎగరడానికి వెళ్లాయి.

పద్ధతి మార్చడం

"స్టోరేజ్ చార్జ్ చేసి పెట్టండి" అని చెప్పడం తేలిక. సెల్‌కి 3.80 నుంచి 3.85, అంటే 3ఎస్‌కి 11.4 నుంచి 11.55 వోల్టులు. దాదాపు సగం చార్జ్. కొత్త ప్యాక్ కొన్నప్పుడు కూడా ఫుల్‌గా రాదు, ఈ చుట్టుపక్కలే ఉంటుంది. విమాన కార్గోలో విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలకి చార్జ్ 30 శాతం మించకూడదన్న నిబంధన 2016 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చార్జ్ తక్కువుంటే ఏదైనా తేడా వచ్చినా బయటపడే శక్తి తక్కువుంటుంది.

మరి పిల్లలు ఎందుకు చేయలేదు? వాళ్లతో కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. వాళ్ల చార్జర్ 5 వాట్లతో మాత్రమే డిశ్చార్జ్ చేయగలదు. ఫుల్ ప్యాక్‌ని స్టోరేజ్‌కి దించాలంటే సుమారు 14 వాట్ అవర్లు తీసేయాలి. ఒక్కోదానికి దాదాపు మూడు గంటలు. ఎనిమిదింటికి ఒక పగలూ ఒక రాత్రీ. పరీక్షల ముందు ఆ పని ఎవరు చేస్తారు? అక్కడ బద్ధకం అనడానికి ఏమీ లేదు, పరికరం సరిపోలేదంతే.

ఒక పోర్టు చార్జర్ తీసేసి నాలుగు పోర్టులది కొన్నాం. స్టోరేజ్‌లో ఉన్న ప్యాక్‌ని 1సీతో ఫుల్ చేయడానికి ముప్పావు గంట చాలు, సగం ముందే ఉంది కాబట్టి. నాలుగేసి చొప్పున రెండు విడతల్లో ఎనిమిది ప్యాక్‌లు గంటన్నరలో సిద్ధం. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడితే గాలి లేవకముందే ఎగరేయొచ్చు. ఇక ముందురోజు చార్జ్ చేసే అవసరమే లేదు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే. "రేపు ఎగరేద్దాం" అని ఈ రోజు నింపిన ప్యాక్‌లే ఎక్కువగా చస్తాయి. వాన పడుతుంది, చుట్టాలొస్తారు, కరెంటు పోతుంది, రేపు ఎల్లుండి అవుతుంది, ఎల్లుండి నెల అవుతుంది.

చార్జ్ చేశాక కూడా ఎగరేయలేకపోతే దించడానికి ఒక చెక్క మీద రెండు బ్రేక్ లైటు బల్బులు పక్కపక్కనే కట్టాం. రెండూ కలిసి 3.5 ఆంపియర్లు లాగుతాయి, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. బల్బులు వెలుగుతున్నప్పుడు 11.3 చూపిస్తే తీసేయాలి, విశ్రాంతి తీసుకున్నాక 11.4 పైకి వస్తుంది. చివర్లో చార్జర్ స్టోరేజ్ మోడ్‌లో పెడితే సెల్స్ సమానమవుతాయి. పక్కన మనిషి లేకుండా ఈ బల్బుల చెక్క వాడకూడదని దాని మీదే పెయింటుతో రాయించాను, దానంతటదే ఆగే ఏర్పాటు అందులో లేదు. ప్యాక్ ఫుల్‌గా ఎంతసేపు ఉండొచ్చు అన్నదానికి మేం పెట్టుకున్న నియమం, ఆ రోజు సాయంత్రం వరకే. చలికాలంలో రెండు రోజులైనా పెద్దగా పోయేదేమీ లేదు, కానీ పిల్లలకి నెలకో నియమం చెబితే ఏదీ గుర్తుండదు.

ఉంచే చోటు కూడా మార్చాం. గ్రౌండ్ ఫ్లోర్ స్టోర్ రూమ్‌లో ఒక పాత ఇనప ట్రంకు పెట్టె. మూతకీ పక్కలకీ డ్రిల్‌తో చిల్లులు వేశాం. గాలి చొరని పెట్టెలో సెల్ ఒకటి గ్యాస్ వదిలితే పెట్టే బాంబులా తయారవుతుంది. లోపల ప్యాక్‌కీ ప్యాక్‌కీ మధ్య ఇటుకలు నిలబెట్టాం, ఒకటి అంటుకున్నా పక్కదానికి పాకడం ఆలస్యం కావాలని. పెట్టె తలుపుకి అడ్డంగా లేకుండా చూశాం, పైన చెక్క సామాను ఏదీ లేదు. పక్కన పొడి ఇసుక బకెట్ ఉంది. మార్కెట్‌లో దొరికే లిపో బ్యాగులు మంటని కొంత ఆపుతాయి గానీ పొగని ఆపవు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. మంట చిన్నదైతే ఇసుక, లేదంటే గదిలోంచి బయటపడి ఫైర్ వాళ్లకి ఫోన్, అంతే చెప్పాను.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. చల్లదనం మంచిదే. కానీ మన తేమకి బయటికి తీయగానే ప్యాక్ మీద నీళ్లు పడతాయి, బ్యాలెన్స్ కనెక్టర్ పిన్నులు పాడవుతాయి. కూరగాయల పక్కన లిపో పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. 34 డిగ్రీల నీడలో సగం చార్జ్‌తో ఉంటే చాలు. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉండే మనవాళ్లకి ఇబ్బంది వేరే. గ్యారేజీలో చలికి ప్యాక్ సుఖంగానే ఉంటుంది, కానీ గడ్డకట్టే చలిలో ఉన్నదాన్ని అలాగే చార్జర్‌కి పెడితే లిథియం గ్రాఫైట్ లోపలికి పోకుండా పైన లోహంగా పేరుకుంటుంది. ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జ్ చేయాలి.

ఏడాది తర్వాత

ఆరు కొత్త ప్యాక్‌లు కొన్నారు. పాత మూడుతో కలిపి తొమ్మిది. తర్వాతి వేసవికి అన్నిటినీ 3.82 దగ్గర ట్రంకులో పెట్టారు. బ్యాలెన్స్ లీడ్‌కి ఏమీ తగిలించలేదని ఇద్దరు విడివిడిగా చూసి సంతకం చేశారు. నెలకోసారి లాబ్ అటెండర్ గారు పెట్టె తెరిచి ఉబ్బు ఉందేమో చూసి, నాకు ఫోటో పంపారు.

జూన్‌లో తెరిస్తే ఎనిమిది ప్యాక్‌లు 3.80, 3.81 దగ్గరే ఉన్నాయి. ఉబ్బు లేదు. కొత్తవాటి రెసిస్టెన్స్ 6 నుంచి 6.5కి, 7కి పెరిగింది, అంతే. మిగిలిన ఒక్కటి మాత్రం ఉబ్బింది. మొదట నాకూ అర్థం కాలేదు. స్టోరేజ్ చార్జ్ సరిగానే ఉంది, చోటు చల్లగానే ఉంది. ప్యాక్ తొడుగు కోసి చూస్తే ఒక మూల చిన్న సొట్ట ఉంది. మార్చిలో ముక్కు మీద పడిన విమానంలోది అది. క్రాష్ తర్వాత వోల్టేజీ బాగుందని చూసి పెట్టెలో పెట్టేశారు. ఇప్పుడు క్రాష్‌లో ఉన్న ప్యాక్ ఏదైనా, వోల్టేజీ ఎంత బాగున్నా, ఒకరోజు బయట ఇసుకలో ఉండి, తొడుగు తీసి చూశాకే ట్రంకులోకి వెళ్తుంది. సొట్ట కనిపిస్తే బల్బుకి వెళ్తుంది.

మొదటి వేసవిలో అనుకోకుండా సగం చార్జ్‌తో బతికిన మూడింటిలో ఒకటి ఏడో నంబరు. దాని రెసిస్టెన్స్ ఇప్పుడు 9. మొన్న ఆదివారం ఫస్ట్ ఇయర్ కుర్రాడొకడు మొట్టమొదటి సోలో ఫ్లైట్ దానితోనే చేశాడు. దించాక చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది.